కొండల్లో ఏముందని వెళ్లారు?

ప్రశ్న: మా అబ్బాయి ఆస్ట్రియాలో చదువుతున్నాడు. అక్కడ పూర్వం నోరికం అనే రోమన్ రాష్ట్రం ఉండేదట. ఆ మంచుకొండల్లో రోమన్లకేం పనండీ?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: ఇనుమండీ! బంగారం కూడా ఉంది కానీ అసలు పేరు ఇనుముదే. క్రీ.పూ. 15 ప్రాంతంలో పెద్దగా యుద్ధం లేకుండానే కలిపేసుకున్నారు, క్లాడియస్ చక్రవర్తి కాలంలో రాష్ట్రం చేసి ఇప్పటి క్లాగెన్‌ఫుర్ట్ దగ్గరి విరూనుమ్‌ను రాజధానిగా పెట్టారు. అంతకుముందే ఇటలీ వర్తకులు మాగ్డలెన్స్‌బర్గ్ కొండ మీద మకాం వేసి, ఎవరు ఎన్ని ఇనుప కొక్కేలు, కడియాలు కొన్నారో గోడల మీదే గీసిపెట్టుకున్నారు, అచ్చం మన కిరాణా కొట్టు ఖాతాలాగే, అవన్నీ తవ్వకాల్లో బయటపడ్డాయి. నోరికం కత్తి అంటే రోమన్ కవులకూ మోజే (పర్షియా వర్తకులు వెతుక్కుంటూ వచ్చిన మన తెలంగాణలోని కోనసముద్రం ఊరి ఉక్కు గుర్తొస్తుంది నాకు). ఉత్తరాన డాన్యూబ్ నదే సరిహద్దు. మార్కస్ ఆరేలియస్ చక్రవర్తి నాటి యుద్ధాల తర్వాత అక్కడ ఏకంగా ఒక లీజియన్‌నే (వేల మంది సైనికుల రోమన్ దళాన్ని) దింపారు.