హనుమకొండలో మ్యూగో పైన్ పెంచాలనుకునే మేనకోడలికి

బిడ్డా,

గేటు పక్కన మ్యూగో పైన్, అదే ఆ సూదుల ఆకుల గుబురు చెట్టు, పెడతానని, విత్తనాలు ఆర్డర్ చేశానని రాశావు. నువ్వు పంపిన ఫొటో చూడగానే మ్యూనిక్‌లో మీ బావ ఇంటి పెరడు గుర్తొచ్చింది. రెండు వసంతాలు అక్కడున్న ఆ చెట్టును చేతులారా చూసుకున్నాను. అందుకే చెబుతున్నా, మన దగ్గర వద్దు.

యూరప్‌లో ఆల్ప్స్, కార్పేథియన్ కొండల్లో చాలాచోట్ల వెయ్యి మీటర్ల పైన పుట్టి పెరిగే చెట్టు అది. నెలల తరబడి మంచు కింద నేలకు వంగి పడుకుంటుంది, కరగగానే లేస్తుంది. దానికి ఆ చలికాలపు నిద్ర కావాలి. మనకు జనవరిలో కూడా అంత చలి ఎక్కడిది? మే నెలలో 44 డిగ్రీలు దాటితే రాత్రి కూడా గోడలు సెగలు కక్కుతాయి.

నేనూ తెచ్చిన విత్తనాలు డిసెంబర్‌లో కుండీలో వేశాను. ఏడు మొలకలు వచ్చాయి. ఎంత సంబరపడ్డానో! ఏప్రిల్ చివర్లో సూదుల కొసలు ఎర్రబడితే దాహమనుకుని రెండు పూటలా నీళ్లు పోశాను. వేడి మట్టిలో వేళ్లు కుళ్లిపోయాయి. మృగశిర కార్తె వచ్చేసరికి ఒక్కటీ మిగల్లేదు. ఇప్పటికీ ఆ కుండీ చూస్తే మనసు చివుక్కుమంటుంది.

ఇంకోటి. విత్తనంతో వచ్చిన మొక్క పొట్టిగానే ఉంటుందని నమ్మకం లేదు. ఫొటోల్లో కనిపించే గుండ్రటివాటిలో చాలా అంటుకట్టినవి ఉంటాయి.

నీకు కావలసింది ఆ సూదుల పచ్చదనం, ఆ గుండ్రటి ఆకారం. దానికి మన సరుగుడు ఉంది. ఎండకు భయపడదు. నేలలో వదిలేస్తే తాటిచెట్టంత అవుతుంది కాబట్టి పెద్ద కుండీలో పెట్టు. మీ వాకిట్లోది నల్లరేగడి, వానకు నీళ్లు పట్టి ఉంచుతుంది, అది కుండీలో పోయకు. చెలక మట్టి రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు, మాగిన పశువుల ఎరువు ఒక పాలు కలుపు. అడుగున మొరం పరిచి, రంధ్రం మూసుకుపోకుండా చూడు. వేలు పెట్టి చూసి, పైమట్టి ఆరితేనే నీళ్లు పొయ్యి.

ఆకారం తెచ్చే పద్ధతి మాత్రం ఆ పైన్ దగ్గర నేర్చుకున్నదే. వసంతంలో దాని కొత్త చిగుళ్లు కొవ్వొత్తుల్లా నిలబడతాయి. సూదులు విచ్చుకోకముందే సగానికి వేళ్లతో తుంచేస్తే చెట్టు గుబురుగా వస్తుంది. సరుగుడుకూ అంతే, లేత కొసలే తుంచాలి, నెలకోసారి కొంచెం కొంచెం. ముదిరిన కొమ్మ దాకా కత్తిరిస్తే అక్కడ మళ్లీ చిగురు రావడం కష్టం. మొదటి ఏడాది ఓపిక పట్టు, ఆకారం రెండో ఏటికి గానీ తెలియదు.

జూలైలో ముసురు పట్టాక ఒక ఆదివారం రా. నా దగ్గర జానెడు సరుగుడు మొక్కలు రెండున్నాయి, మంచిది నీకే ఇస్తా. వచ్చేటప్పుడు ఒక సంచి మొరం తెచ్చుకో.

మీ అత్త