కోటిన్నర కారుకు డౌన్‌పేమెంట్ అత్యవసర నిధి నుంచా?

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. జీడిమెట్లలో అట్టపెట్టెల తయారీ యూనిట్ నడుపుతున్నాను. పన్నులు పోగా నెలకు సగటున రూ.6.5 లక్షలు చేతికొస్తాయి. ఇంటి ఖర్చు రూ.1.9 లక్షలు, ఇంటి రుణం ఈఎంఐ రూ.1.15 లక్షలు (ఇంకా రూ.95 లక్షల అసలు ఉంది), ఇద్దరు పిల్లల ఫీజులు, బీమా ప్రీమియంలు కలిపి రూ.80 వేలు. ఎఫ్‌డీలో రూ.28 లక్షలు, పిల్లల చదువుల కోసం ఫండ్లలో రూ.80 లక్షలు ఉన్నాయి. టర్మ్ పాలసీ రూ.కోటి. అమ్మానాన్నలతో కలిపి ఆరుగురం తిరగడానికి మెర్సిడెస్ జీఎల్ఎస్ 450డీ, బీఎండబ్ల్యూ ఎక్స్7 40డీ చూశాం. ఎఫ్‌డీ మొత్తం, కంపెనీ ఖాతా నుంచి రూ.15 లక్షలు డౌన్‌పేమెంట్‌గా కట్టి, రూ.90 లక్షలు కారు రుణం, రూ.30 లక్షలు ఇంటి రుణంపై టాప్-అప్ (అదే ఇంటి హామీపై అదనపు అప్పు) తీసుకుందామని ఆలోచన. రెండింట్లో ఏది కొంటే ఆర్థికంగా మేలు?

జవాబు: మీరు అడిగినదానికి ముందు జవాబిచ్చేస్తాను. పెద్దవాళ్లు తరచూ మూడో వరుసలో కూర్చోవాల్సి వస్తే జీఎల్ఎస్. మీరే నడుపుతూ స్టీరింగ్ సరదా కోరుకుంటే ఎక్స్7. రెండూ మూడు లీటర్ల ఆరు సిలిండర్ల డీజిల్ బండ్లే, రెండింటికీ ఎయిర్ సస్పెన్షన్ (కుదుపులను గాలి బుడ్డలతో తట్టుకునే ఏర్పాటు) ఉంది. జీఎల్ఎస్ పుణె దగ్గర చాకన్‌లో, ఎక్స్7 చెన్నైలో అసెంబుల్ అవుతాయి. ధరలో ఉన్న కొద్దిపాటి తేడా త్రైమాసికం చివర్లో డీలర్ ఇచ్చే డిస్కౌంట్‌లో కొట్టుకుపోతుంది. ఒక్కటి మాత్రం చూసుకోండి. రెండూ 5.1 మీటర్లకు పైగా పొడవు, చాలా అపార్ట్‌మెంట్లలో పార్కింగ్ గడి అయిదు మీటర్లే.

కార్ల సంగతి అంతటితో సరి. మీ ఉత్తరంలో నన్ను ఆపింది 'ఎఫ్‌డీ మొత్తం' అన్న మాట. మీకున్న అత్యవసర నిధి అదొక్కటే. ఖరీదైన కారు కొనేవాళ్లలో చాలామంది చేసే పొరపాటు ఇదే. మోడల్ మీద ఆర్నెల్లు పరిశోధన చేస్తారు, డౌన్‌పేమెంట్ ఎక్కడి నుంచి వస్తోందో మాత్రం చూడరు.

ముందు ఆన్‌రోడ్ లెక్క, అంటే పన్నులు, బీమా కలిపి కారు రోడ్డెక్కేసరికి అయ్యే మొత్తం. ఎక్స్‌షోరూమ్ (అవేవీ కలపని షోరూమ్ ధర) సుమారు రూ.1.30 కోట్లు అనుకుందాం. తెలంగాణలో రూ.50 లక్షలు దాటిన కారుకు లైఫ్ ట్యాక్స్ 21 శాతం, అంటే రూ.27.3 లక్షలు. మీ పేరున ఇప్పటికే కారు ఉంటే ఇంకో 2 శాతం. మొదటి బీమా దాదాపు రూ.4.5 లక్షలు. 1 శాతం టీసీఎస్ (అమ్మేటప్పుడే డీలర్ వసూలు చేసే ఆదాయపు పన్ను) రూ.1.3 లక్షలు, ఇది రిటర్నులో సర్దుబాటవుతుంది. మొత్తం రూ.1.63 కోట్లు. పన్ను తప్పించుకోవడానికి పక్క రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ చేయిస్తామనే ఏజెంట్లు తగులుతారు. దూరంగా ఉండండి. తనిఖీలో దొరికితే ఇక్కడి పన్నూ కట్టాలి, జరిమానా అదనం.

ఇక నెల లెక్క. 9 శాతం వడ్డీతో రూ.90 లక్షలకు ఏడేళ్ల ఈఎంఐ రూ.1.45 లక్షలు. టాప్-అప్ పదేళ్లకు రూ.38 వేలు. బీమా రెన్యువల్, డీజిల్, సర్వీసు, టైర్లకు నెలకు రూ.60 వేలు పక్కన పెట్టాలి. ఈ సైజు చక్రాలకు నాలుగు టైర్లు మార్చితేనే సుమారు రెండు లక్షలు, ఎయిర్ సస్పెన్షన్ పాడైతే అదీ లక్షల్లోనే. అంతా కలిపి రూ.2.43 లక్షలు. ఇప్పటి మీ ఖర్చు రూ.3.85 లక్షలకు కలిపితే రూ.6.28 లక్షలు. ఆదాయం 6.5. మిగిలేది 22 వేలు.

ఉద్యోగికి ఆరు నెలల ఖర్చు నిల్వ ఉంటే చాలంటారు. మీది వ్యాపారం. బకాయిలు మూడు నెలలకో, నాలుగు నెలలకో వస్తాయి. ఒక పెద్ద కస్టమర్ వేరే సప్లయర్‌ను చూసుకున్నా, అట్టపెట్టెలకు వాడే క్రాఫ్ట్ పేపర్ ధర పెరిగినా ముందు ఆగేది మీరు తీసుకునే సొమ్మే. అందుకే మీకు పన్నెండు నెలల ఖర్చు కావాలి. కారు లేకుండా అది రూ.46 లక్షలు, ఉన్నది 28. ఇప్పటికే రూ.18 లక్షలు తక్కువ. కారు వస్తే అవసరమైన నిధి రూ.75 లక్షలకు ఎగబాకుతుంది, ఉన్న నిధి సున్నాకు పడుతుంది. కంపెనీ ఖాతాలోని రూ.15 లక్షలు కూడా మిగులు డబ్బు కాదు, వర్కింగ్ క్యాపిటల్, అంటే రోజువారీ వ్యాపారం నడిపే సొమ్ము. అది తీసేస్తే వచ్చే నెల పేపర్ మిల్లుకు చెల్లించడానికి సీసీ (బ్యాంకు ఇచ్చే క్యాష్ క్రెడిట్ అప్పు) పరిమితి వాడాలి, దానికీ వడ్డీ.

టాప్-అప్ విషయంలో మెత్తగా చెప్పలేను. ఏటా విలువ కోల్పోయే వస్తువు కోసం ఇంటి మీద పదేళ్ల అప్పు పెంచుకోవడం తెలివితక్కువ పని. బ్యాంకు మేనేజర్ సులభంగా ఇస్తానంటున్నాడంటే హామీ గట్టిదని, ఆ హామీ మీ ఇల్లే. మూడేళ్లు నిండేసరికి కారు రుణంలో రూ.58 లక్షలు, టాప్-అప్‌లో రూ.23.6 లక్షలు మిగిలే ఉంటాయి, కలిపి దాదాపు రూ.82 లక్షలు. అప్పటికి తరుగుదల 40 శాతం, కాబట్టి ఐడీవీ (కారు పూర్తిగా పోతే బీమా కంపెనీ ఇచ్చే గరిష్ఠ విలువ) రూ.78 లక్షలకు దిగుతుంది. ఆ దశలో కారు పూర్తిగా ధ్వంసమైతే బీమా సొమ్మంతా బ్యాంకులకు కట్టినా ఇంటి మీద తీసుకున్న టాప్-అప్‌లో ఇంకా నాలుగు లక్షలు బాకీ. మీ డౌన్‌పేమెంట్, మూడేళ్ల ఈఎంఐలు కలిపి రూ.1.09 కోట్లు అప్పటికే వెళ్లిపోయాయి. కొన్న ధర మొత్తం ఇచ్చే రిటర్న్ టు ఇన్వాయిస్ కవర్ ఉందిగా అంటారేమో, అది సాధారణంగా మొదటి మూడేళ్లే ఇస్తారు. చివర్లో ఒకేసారి పెద్ద మొత్తం కట్టే తక్కువ ఈఎంఐ పథకాలూ చూపిస్తారు. వద్దు. ఫండ్ల మీద రుణం కూడా వద్దు. మార్కెట్ పడిన రోజే అదనపు హామీ అడుగుతారు.

కంపెనీ పేరున కొంటే పన్ను మిగులుతుందని మీ ఆడిటర్ చెప్పి ఉంటారు. తరుగుదల 15 శాతం చూపవచ్చు, నిజమే. కానీ మీలాంటి తయారీ యూనిట్‌కు కారు మీద జీఎస్టీ క్రెడిట్ (కట్టిన జీఎస్టీని తర్వాతి పన్నులో తగ్గించుకునే వీలు) రాదు, ఇంటివాళ్లు వాడుకున్న మేరకు ఖర్చు ఒప్పుకోరు, లైఫ్ ట్యాక్స్ రేటు వ్యక్తులకంటే ఎక్కువ. పన్ను తగ్గినా అత్యవసర నిధి లోటు అలాగే ఉంటుంది.

ఇప్పుడు చేయాల్సింది ఇది. రూ.28 లక్షల ఎఫ్‌డీని ముట్టుకోకండి, దాని మీద ఓడీ (ఎఫ్‌డీ హామీపై ఓవర్‌డ్రాఫ్ట్ అప్పు) కూడా తీసుకోకండి. అంతా ఒకే రసీదుగా ఉంటే నాలుగైదు ముక్కలుగా మార్చండి. అవసరమైన రోజు ఒక్క ముక్కే తీయవచ్చు, గడువుకు ముందే తీసినందుకు జరిమానా దానికే పడుతుంది. వచ్చే నెల నుంచి కారు ఉన్నట్టే లెక్కేసుకుని రూ.2.4 లక్షలు వేరే బ్యాంకులోని ఖాతాకు, ఐదో తారీఖున, ఆటో డెబిట్‌తో పంపండి. ఏ నెల తప్పిందో, ఎందుకు తప్పిందో రాసి పెట్టండి. 18 నెలలు తప్పకుండా వెళ్తే రూ.43 లక్షలు చేరి నిధి రూ.71 లక్షలవుతుంది. మూడు నెలలకే ఆగిపోతే మీ వ్యాపారం ఈ ఈఎంఐ మోయలేదని ఎవరినీ అడగకుండానే తెలుస్తుంది. నిధి నిండాక పోగయ్యేదే డౌన్‌పేమెంట్. అప్పుడు కూడా ఒకే రుణం, అయిదేళ్లలోపు, ధరలో 40 శాతం సొంత డబ్బు.

పిల్లల ఫండ్లను కదపకండి. మూడేళ్లు వాడిన ఇవే కార్లు కంపెనీ వారంటీతో దొరుకుతాయి, తొలి తరుగుదల వేరేవాళ్లు భరించి ఉంటారు. ఇవే కంపెనీల చిన్న మోడళ్లు జీఎల్ఈ, ఎక్స్5 ఐదు సీట్లవే, ఆరుగురికి సరిపోవు.

మీ కోటి రూపాయల టర్మ్ పాలసీ ఇప్పటి ఇంటి రుణానికే సరిపోతుంది. మీరు అనుకున్నట్టు కారు కొంటే అప్పులే రూ.2.15 కోట్లు. కారు కొన్నా కొనకున్నా మరో రూ.2 కోట్ల కవర్ ఇప్పుడే తీసుకోండి. వైద్య పరీక్షలకు, ఆమోదానికి వారాలు పడుతుంది కాబట్టి కారు రుణానికి దరఖాస్తు చేసే రోజుదాకా ఆగొద్దు. అమ్మానాన్నల ఆరోగ్య పాలసీ విడిగా ఉండాలి.

కారు కొనే రోజు వచ్చినప్పుడు డీలర్ ఇచ్చే బీమా కొటేషన్ మీదే సంతకం పెట్టకండి. అవే యాడ్-ఆన్‌లతో (అదనపు కవర్లతో) బయట ఇంకో రెండు కొటేషన్లు తీసుకోండి. ఇంజిన్ ప్రొటెక్షన్ తప్పనిసరి. వానాకాలంలో అండర్‌పాస్‌లో నీరు చేరి బండి ఆగితే మళ్లీ స్టార్ట్ చేయకూడదు. చేస్తే నీరు సిలిండర్లలోకి వెళ్లి కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి, ఆ నష్టాన్ని మామూలు పాలసీ ఇవ్వదు.