ముందు నాన్నగారి పుస్తకం తెరవండి

ప్రశ్న: డిగ్రీ అయింది. డేటా ఇంజనీరింగ్ నేర్చుకోవాలని ఉంది. ఒకరు పైథాన్ అంటారు, ఒకరు స్పార్క్ అంటారు, ఇంకొకరు క్లౌడ్ రాకపోతే ఉద్యోగమే రాదంటారు. నాకు ఎక్సెల్ తప్ప ఏమీ రాదు. నాన్నగారు రొయ్యలు కొంటారు, ఆ లెక్కల పుస్తకాలు నేనే రాస్తాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: టెన్షన్ పడకండమ్మా. నేర్చుకునేవాళ్లకు అసలు దొరకనిది నిజమైన డేటా. అది మీ ఇంట్లోనే ఉంది. పోయిన నెల పట్టుబడులు, అంటే చెరువుల్లో రొయ్యలు పట్టిన లెక్కలు, తీసి ముందేసుకోండి.

టేబుల్లో ఒక్కో వరస దేని గురించో ముందు తేల్చుకోండి. డేటా మోడలింగ్‌లో, అంటే డేటాను ఎలా అమర్చాలో తేల్చే పనిలో, నేను మొదట చూసేది ఇదే. చెరువు పడితే 30 కౌంట్ (కిలోకి 30 రొయ్యలు) కొంత, 60 కౌంట్ కొంత వస్తుంది కదా. మరి వరస అంటే పట్టుబడి మొత్తమా, అందులో ఒక్కో కౌంటా? నేనైతే రెండు టేబుళ్లు పెడతాను. ఒకదాంట్లో పట్టుబడి తేదీ, చెరువు. రెండోదాంట్లో ఒక్కో కౌంటుకు కిలోలు, రేటు. రైతులకో టేబుల్, చెరువులకో టేబుల్ వేరే. ఒకే మనిషి ఒక పేజీలో సత్యనారాయణ, ఇంకో పేజీలో సత్తిబాబు అయి ఉంటాడు, అందుకని ప్రతి రైతుకూ ఒక నంబరు ఇచ్చేయండి. ఫోన్ నంబరు రైతుల టేబుల్లోనే ఉంటే, మారినప్పుడు ఒక్కచోట దిద్దితే చాలు. రేటు అలా కాదు. ఏ రోజు రేటు ఆ రోజు కౌంట్ వరసలోనే ఉండిపోవాలి. లేకపోతే ఇవాళ రేటు మార్చగానే నిరుటి బిల్లులూ మారిపోతాయి.

డేటాను ఇలా టేబుళ్లుగా పెట్టే రిలేషనల్ మోడల్‌ను ఐబీఎంలో పనిచేసిన ఎడ్గార్ కాడ్ 1970లో ప్రతిపాదించారు. ఇప్పటికీ నిలబడి ఉందంటే ఎంత గట్టి ఆలోచనో చూడండి.

ఇక ప్రాసెసింగ్. 30 కౌంట్ 1,000 కిలోలు, 60 కౌంట్ 200 కిలోలు వచ్చాయనుకోండి. ఆ రెండు కౌంట్లకు ఎక్సెల్‌లో యావరేజ్ కొడితే 45 వస్తుంది. కానీ కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలని. 30,000కి 12,000 కలిపితే 42,000 రొయ్యలు, 1,200 కిలోలు. అసలు కౌంట్ 35. 45కీ 35కీ రేటు తేడా ఎంతో మీకు నేను చెప్పక్కర్లేదు. అందుకే సగటు రాసి పెట్టుకోకండి. కిలోలు, కౌంట్ ఉంచుకుని, కావలసినప్పుడు లెక్క కట్టండి.

ఇంకొకటి. రైతుకిచ్చిన 50,000 అడ్వాన్సు పట్టుబడి టేబుల్లో ఉందనుకోండి. దాన్ని కౌంట్ల టేబుల్‌తో జాయిన్ చేసి, అంటే ఒకే పట్టుబడి వరసలను జతచేసి, కూడితే, మూడు కౌంట్లున్నచోట అదే అడ్వాన్సు మూడుసార్లు వచ్చి 1,50,000 అయి కూర్చుంటుంది. పెద్ద కంపెనీల రిపోర్టుల్లో కూడా ఈ తప్పు చూశాను. జాయిన్ చేశాక వరసలు ఎన్నయ్యాయో లెక్కపెట్టి, ఆ తర్వాతే కూడండి.

ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఉచితం, డేటాబేస్ మొత్తం ఒకే ఫైల్లో ఉంటుంది, పాత లాప్‌టాప్ సరిపోతుంది. అందులో ఎస్‌క్యూఎల్, అంటే టేబుళ్ల నుంచి కావలసింది అడిగి తీసుకునే భాష, బాగా వచ్చాక పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష పట్టుకోండి. స్పార్క్ ఒక కంప్యూటర్‌కి మించిన డేటా కోసం. దానికి ఇప్పుడే ఫీజు కట్టకండి.

రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు తీసేసి, మీరు గీసిన నాలుగు టేబుళ్లు నాకు పంపండి. చూసి చెబుతాను.