పెట్టుబడిదారీ విధానానికీ లౌకికవాదానికీ తేడా ఏమిటి?

పొలం, ఫ్యాక్టరీ, బ్యాంకు ఎవరి సొంతం, లాభం ఎవరికి పోతుంది? ఇది పెట్టుబడిదారీ విధానం సంగతి. ప్రభుత్వం మతానికి ఎంత దూరంలో ఉండాలన్నది లౌకికవాదం సంగతి. ఒకటి ఉంటే రెండోది ఉండాలనీ లేదు, ఉండకూడదనీ లేదు.

బ్రిటన్‌లో మార్కెట్ వ్యవస్థే నడుస్తోంది, ఇంగ్లండ్‌కు అధికారిక చర్చి కూడా ఉంది; దానికి అధిపతి రాజుగారే. స్టాలిన్ నాటి సోవియట్ యూనియన్‌లో రాజ్యానికి మతం లేదు, ప్రైవేటు ఫ్యాక్టరీలూ లేవు. ఫ్రాన్స్ 1905 చట్టంతో చర్చిని రాజ్యం నుంచి విడదీసింది, మార్కెట్ జోలికి పోలేదు.

మన దగ్గర ఈ రెండూ కలగాపులగం కావడానికి ఒక కారణం 1976 నాటి 42వ సవరణ. 'సామ్యవాద', 'లౌకిక' అనే మాటలను అది ఒకేసారి రాజ్యాంగ పీఠికలో చేర్చింది. దాంతో లౌకికవాది అంటే పెట్టుబడికి వ్యతిరేకి అనుకునేవాళ్లు తయారయ్యారు. కానీ 1991లో పి.వి. నరసింహారావు ప్రభుత్వం పరిశ్రమల లైసెన్సులను చాలావరకు ఎత్తేసినప్పుడు, మతస్వేచ్ఛకు సంబంధించిన 25 నుంచి 28 దాకా అధికరణల్లో ఒక్క అక్షరం మారలేదు.

అన్నట్టు, మన లౌకికవాదం ఫ్రాన్స్ నమూనా కూడా కాదు. తిరుమల ఆలయ పాలకమండలిని నియమించేది రాష్ట్ర ప్రభుత్వమే.