31 రాత్రి ఆరాధన ఎలా నడపాలి, ఉగాది పచ్చడి తినొచ్చా: బొబ్బిలి వైపు నుంచి అడిగినవారికి

మీ ప్రశ్న టూకీగా: ఎనభై మంది లోపు ఉన్న పల్లె సంఘం, డిసెంబరు 31 రాత్రి ఆరాధన ఈసారి యువకుల చేతిలో పెట్టారు, ఎలా నడపాలి? ఉగాది పచ్చడి ముట్టొద్దని పాస్టరు గారంటున్నారు, ఇంట్లో అమ్మమ్మ మాననంటోంది, ఎవరి మాట వినాలి? ఇలాంటి ఆరాధనల ఏర్పాట్లు చూసే అనుభవంతో చెబుతున్నాను. రెండింటికీ చూడాల్సింది ఒక్కటే. ఏది ఆరాధన, ఏది అలవాటు అని విడదీసుకోవాలి. అలవాటును ఆరాధన చేసినా, ఆరాధనను అలవాటు చేసినా తప్పే.

ముందు 31 సంగతి. రాత్రి మెలకువతో ప్రార్థించే పద్ధతి ఇంగ్లండులో మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన బోధకుడు జాన్ వెస్లీ కాలంలో, 1740ల మొదట్లో, కింగ్స్‌వుడ్ అనే బొగ్గు గనుల ఊళ్లో బలపడింది. అంతకుముందు సారాయి దుకాణాల్లో రాత్రులు గడిపినవాళ్లే అక్కడ ప్రార్థనకు కూర్చున్నారు. వెస్లీ దాన్ని నెలకోసారి, పౌర్ణమికి దగ్గరగా వచ్చే శుక్రవారం పెట్టించాడు. జనం వెన్నెల్లో నడిచి ఇంటికి చేరాలి కదా. మీరూ అక్కడి నుంచే మొదలుపెట్టండి. కుప్ప నూర్పుల రోజులు, పొద్దంతా కళ్లంలో ఒళ్లు హూనమైన మనుషులు, బయట మంచు. రాత్రి ఎనిమిదికి పిలిచి ఒంటిగంట దాకా కూర్చోబెడితే పదకొండుకే సగం మంది కునుకు తీస్తారు. పదికి మొదలుపెట్టి పన్నెండున్నరకు ముగించండి. పక్క ఊళ్ల నుంచి వచ్చేవారికి ఆటో ముందే మాట్లాడి ఉంచండి. ఆ వేళప్పుడు హైవే మీద తాగి నడిపేవాళ్లు ఎక్కువ, పొగమంచులో ఎదుటి బండి కనబడదు.

మైకు విషయం తేలిగ్గా తీసుకోవద్దు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా, మూసిన హాలు లోపలివారికి తప్ప, లౌడ్‌స్పీకరు కుదరదు. ఏడాదిలో కొన్ని రోజులు అర్ధరాత్రి దాకా సడలించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. వారం ముందే పోలీస్ స్టేషన్లో అర్జీ ఇచ్చి, ఆ ఏడు సడలింపు ఉందో లేదో కనుక్కోండి. ఎనభై మందికి అసలు బయట గొట్టాలెందుకు? లోపల ఒక చిన్న స్పీకరు చాలు.

క్రమం ఇలా పెట్టుకోవచ్చు. పదికి మూడు కీర్తనలు, మూడే. పది ఇరవైకి సాక్ష్యాలు, అంటే దేవుడు తమకు చేసిన మేలు చెప్పుకోవడం; ముందే చెప్పి ఉంచిన ఐదుగురు, మనిషికి మూడు నిమిషాలు. అక్కడికక్కడ మైకు తిప్పారా, మొదటాయనే అరగంట తినేస్తాడు, ఆపలేరు. పది నలభైకి వాక్య ప్రసంగం, అరగంట. పదకొండుంబావుకు ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడం. పదకొండు నలభై ఐదు నుంచి పన్నెండు దాకా మౌనం, మోకాళ్ల మీద. మొత్తం ఆరాధనకు ప్రాణం ఈ పావుగంటే, చెడేది కూడా ఇక్కడే. కీబోర్డు కుర్రాడు వెనకాల సన్నగా వాయిస్తూనే ఉంటాడు, ఎవరో ఫోన్లో సెకన్లు లెక్కపెడతారు, వీధిలో టపాసులు మొదలవుతాయి. కీబోర్డు, మైకు స్విచ్చులే ఆపేయించండి. ఒక్క లైటు ఉంచండి. తలుపులు దగ్గరికి వేయండి. పన్నెండుకు గంట కొట్టే పని ఒక పెద్దాయనకు అప్పగించండి, ఇక ఎవరూ గడియారం చూడక్కర్లేదు.

పాపాలు కాగితం మీద రాసి కాల్చే తంతు ఈ మధ్య కొన్నిచోట్ల నడుస్తోంది. నాకు నచ్చదు. కాగితం కాలుతుంది, గట్టు తగాదా అలాగే ఉంటుంది. మత్తయి 5:23-24 ముందు వెళ్లి సహోదరునితో సమాధానపడమంటోంది. ఆ ముందు ఆదివారమే ప్రకటించండి: ఎవరితో మాటల్లేవో, ఎవరికి బాకీ ఉన్నారో, 31 సాయంత్రంలోగా వాళ్ల గుమ్మం తొక్కి రావాలని.

బల్లకు ద్రాక్షరసం మీరే కాచుకోవచ్చు. పావు కిలో నల్ల కిస్మిస్ కడిగి, లీటరుంబావు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పావుగంట మరిగించి, మెదిపి, పలచటి గుడ్డలో వడకడితే సుమారు లీటరు వస్తుంది. మనిషికి పది మిల్లీలీటర్ల లెక్కన వంద మందికి సరి. రెండ్రోజుల ముందు కాచి బయట పెడితే పులిసి నురగ కడుతుంది. 30 రాత్రి నానబెట్టి, 31 మధ్యాహ్నం కాచండి.

కొవ్వొత్తులు వెలిగిస్తే ఒక నియమం పిల్లలకు కూడా నేర్పండి: వెలిగిన కొవ్వొత్తి నిటారుగానే ఉండాలి, వెలగనిదాన్నే వంచి అంటించుకోవాలి. వెలిగినదాన్ని వంచితే కరిగిన మైనం పక్కవాళ్ల చేతి మీద, చీర మీద పడుతుంది. నైలాన్ చీరకు నిప్పంటితే ఒంటికి అతుక్కుంటుంది. ప్రతి కొవ్వొత్తికీ గుండ్రంగా కత్తిరించిన అట్టముక్క తొడగండి. గుమ్మం దగ్గర ఒక బకెట్ నీళ్లు, ఒక బకెట్ ఇసుక. మందిరం పక్కన గడ్డివాము ఉంటే వెలిగించి బయటికి ఊరేగింపు వద్దు.

ఇక వాగ్దాన చీటీలు, అంటే కొత్త ఏడుకని పంచే బైబిలు వచనాల చీటీలు. కళ్లు మూసుకుని ఒకటి లాగి, ఈ ఏడు నాకిదే వచ్చింది అనుకోవడం చిలక జోస్యానికి ఎంత దూరం? చెరలో ఉన్నవారికి దేవుడు మేలు మాట ఇచ్చే, అందరూ ఇష్టపడే యిర్మీయా 29:11నే చూడండి. దాని ముందున్న పదో వచనంలో బబులోనులో డెబ్బై ఏళ్లు గడవాలని ఉంది. విన్నవాళ్లలో చాలామంది తిరిగిరాని కాలమది. చీటీ మీద ఆ పదో వచనం ఎవరూ అచ్చు వేయించరు. చీటీలు మానలేకపోతే, మనిషికొకటి కాకుండా సంఘమంతటికీ ఒకే వాక్యభాగం ఇవ్వండి. ముందు వెనక రెండేసి వచనాలు కలపండి, అందులో ఒక ఆజ్ఞ కూడా ఉండేలా చూడండి.

ఏడాదిలో బైబిలు చదవాలనుకునేవారికి లెక్క: మొత్తం 1189 అధ్యాయాలు. రోజుకు మూడు, ఆదివారం ఐదు చదివితే సరిపోతుంది. మొదటి నుంచి వరసగా పోతే జనవరి ఆఖరుకు లేవీయకాండం తగులుతుంది, ఎక్కువమంది ఆగిపోయేది అక్కడే. కొత్తవాళ్లను సువార్తలతో మొదలుపెట్టించండి. నాలుగూ కలిపి 89 అధ్యాయాలు, రోజుకొకటి చొప్పున జనవరి 1న మొదలుపెడితే మార్చి నెలాఖరుకు అయిపోతాయి. చదువురాని పెద్దలకు ఫోన్లో ఆడియో బైబిలు పెట్టివ్వండి.

ఉగాదికి వద్దాం. జనవరి 1 మనది, ఉగాది వాళ్లది అనే మాటకు బైబిల్లో ఆధారం లేదు. జనవరి 1 రోమీయుల లెక్క. ఇంగ్లండులో 1752కు ముందు కొత్త ఏడు మార్చి 25న మొదలయ్యేది. సంఘ పంచాంగం ప్రకారమైతే కొత్త ఏడు క్రిస్మస్‌కు ముందు నాలుగో ఆదివారం, ఆగమన కాలంతో మొదలవుతుంది. నిర్గమకాండం 12లో దేవుడు ఇశ్రాయేలుకు మొదటి నెలగా ఇచ్చింది కూడా వసంతకాలపు నెలే. ఆ నెల పస్కాకు, అంటే ఐగుప్తు నుంచి విడుదలైన పండుగకు, తిన్నది పొంగని రొట్టె, చేదు కూరలు. వేపపువ్వు చేదు చూసి భయపడాల్సింది ఏముంది?

పచ్చడి చేసుకుని ఇంటిల్లిపాదీ ప్రార్థించి తినడం తిండే. పంచాంగ శ్రవణం వేరు. గ్రహాలను బట్టి రాబోయేది చెప్పించుకోవడం కాబట్టి ద్వితీయోపదేశకాండం 18:10-12 దానికి అడ్డం. పక్కింటివాళ్లు పంపితే 1 కొరింథీ 10:27-28 దారి చూపుతుంది: అడగకుండా తినొచ్చు, ఇది నైవేద్యం పెట్టిందని వాళ్లే చెబితే మానాలి. చెప్పే తీరు ముఖ్యం. "పిన్నీ, దేవుడి దగ్గర పెట్టకముందే మాకో గిన్నె తీసి ఉంచండి" అంటే మన ఊళ్లలో ఎవరూ తప్పు పట్టరు. పాస్టరు గారి మాటనూ తోసేయొద్దు. సంఘంలో కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవారికి పచ్చడి చూస్తే పాత పూజే గుర్తొస్తుందనుకుంటే, రోమా 14 ప్రకారం వాళ్ల ముందు తినకుండా ఉండడమే ప్రేమ. ఈ సంగతి ఆయన్నే నేరుగా అడగండి. ఇంకో చిక్కు: ఉగాది చాలా ఏళ్లలో ఈస్టరుకు రెండు మూడు వారాల ముందు, శ్రమకాలంలో (ఈస్టరుకు ముందు ఉపవాసాల కాలం) పడుతుంది. 2025లో మార్చి 30న ఉగాది, ఏప్రిల్ 20న ఈస్టరు. ఉపవాసం ఉన్నవాళ్లు పచ్చడి సాయంత్రానికి పెట్టుకుంటే సరి.

నన్నడిగితే మన జిల్లాల్లో అసలు కష్టం ఉగాది కాదు, సంక్రాంతి. ఇక్కడ అది పెద్దల పండగ. చనిపోయినవారికి కొత్త బట్టలు పెట్టి మొక్కడం కుదరదు. కానీ పెద్దలను మరిచిపోయారన్న నింద బంధువుల్లో క్రైస్తవ ఇళ్లకు ఊరికే వస్తుంది. ఆ రోజు సమాధి దగ్గర గడ్డి పీకి సున్నం వేయండి, తాతల పేర్లు చెప్పి కృతజ్ఞత ప్రార్థన చేయండి, కొన్న బట్టలు ఊళ్లో పేదవారికివ్వండి. కనుమనాడు పశువులను కడిగి మేత వేయడం రైతు పని, దానికి పేచీ లేదు. హైదరాబాదు, చెన్నై వలస వెళ్లినవాళ్లు ఊరికొచ్చేది జనవరి 1కి కాదు, సంక్రాంతికే. అందుకని కోత పండుగ (కొత్త పంటకు సంఘం చేసే కృతజ్ఞతారాధన) కనుమ తర్వాతి ఆదివారం పెట్టుకోండి. కొత్త ధాన్యం, కందులు కుంచాల్లో తెచ్చి బల్ల ముందు పోయించండి. తెచ్చిన పంటకు వేలం పాట మాత్రం ఆరాధన అయ్యాక, మందిరం బయట.