సాక్ష్యం చెప్పమంటే నోరు పెగలడం లేదు

ప్రశ్న: మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. నాకు 51 ఏళ్లు. మా ఆయన గుండెపోటుతో పోయి రెండేళ్లయింది. అమ్మాయి హైదరాబాద్‌లో, అబ్బాయి కువైట్‌లో ఉంటారు. మా తాతల నాటి నుంచీ ప్రభువును నమ్ముకున్న కుటుంబం. ఆదివారం ఆరాధన, శుక్రవారం ఉపవాస ప్రార్థన ఎప్పుడూ మానలేదు. అయినా లోపల సంతోషమన్నది లేదు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది. లేసు పని కూడా పక్కన పెట్టేశాను. దేవుడు ఆయన్ని తీసుకుపోయి నన్నెందుకు ఉంచాడో తెలియదు, పొద్దున్నే లేవకపోతే బాగుండు అనిపిస్తుంది. సంఘంలో సాక్ష్యం (దేవుడు చేసిన మేలును అందరి ముందు చెప్పడం) చెప్పమంటే 'ప్రభువు నన్ను సంతోషంగా ఉంచాడు' అని అబద్ధం చెప్పి కూర్చుంటున్నాను. నీకు విశ్వాసం తగ్గిపోయిందని మా ఆడపడుచు అంటోంది. నిజమేనా?

జవాబు: కాదమ్మా. విశ్వాసం తగ్గినవాళ్లు ఇలా ఉత్తరం రాసి అడగరు.

కానీ అన్నిటికంటే ముందు ఒకటి సూటిగా అడుగుతాను. 'లేవకపోతే బాగుండు' అన్నది అలసిపోయి అన్న మాటా, లేక చనిపోవాలన్న ఆలోచన కూడా వస్తోందా? వస్తుంటే ఈ రాత్రి ఒంటరిగా పడుకోకండి. అమ్మాయికి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. 14416 టెలీ మానస్ నంబరు, మనసు బాగోలేనప్పుడు సాయం చేసే ఫోన్ లైను. ప్రభుత్వానిదే, డబ్బు కట్టనక్కర్లేదు, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడతారు. అలాంటి ఆలోచన రాకపోయినా సరే, ఈ వారంలో డాక్టరుకు చూపించుకోండి. నిద్ర చెడడం, ఇష్టమైన పని మీద మనసు పోకపోవడం డిప్రెషన్‌లో కనిపించే లక్షణాలే. థైరాయిడ్ తేడా వల్ల కూడా మనిషి ఇలా డీలా పడొచ్చు కాబట్టి అదీ చూస్తారు. మీరు బీపీ మాత్ర వేసుకుంటే విశ్వాసం తగ్గిందని మీ ఆడపడుచు అనరు కదా!

ఏలీయా ప్రవక్త అంతటివాడు చెట్టు కింద కూలబడి 'ఇక చాలు, నా ప్రాణం తీసుకో' అన్నాడు. దేవదూత వచ్చి ఆయనకు వాక్యం చెప్పలేదు. రొట్టె, నీళ్లు పెట్టాడు, పడుకోనిచ్చాడు, మళ్లీ లేపి మళ్లీ తినమన్నాడు. మిగతా మాటలన్నీ ఆ తర్వాతే. ఉపవాసం ఉండే స్థితిలో ఇప్పుడు మీరు లేరు. కొన్నాళ్లు శుక్రవారం కూడా తిని వెళ్లండి. ప్రభువు ఏమీ అనుకోడు, సంఘంలో ఎవరైనా అనుకుంటే అనుకోనివ్వండి.

ఇక సాక్ష్యం సంగతి. అందరూ లేచి ఉద్యోగం వచ్చిందనో, జ్వరం తగ్గిందనో చెబుతుంటే దుఃఖంలో ఉన్నవాళ్లకు చోటే ఉండదు. ఇది మీ తప్పు కాదు, మన సంఘాల అలవాటు. 88వ కీర్తన తీసి చదవండి. మొదటి నుంచి చివరి దాకా మొరే. 'చీకటియే నాకు బంధువర్గమాయెను' అని ముగుస్తుంది, ఆ తర్వాత ఒక్క స్తుతి మాట కూడా లేదు. అయినా దాన్ని తీసేయకుండా ఆరాధనలో పాడుకునే కీర్తనల్లోనే ఉంచారు. (ఈ కీర్తన మీద ప్రసంగం నేను ఇన్నేళ్లలో ఒక్కసారే విన్నాను.) మూడింటికి మెలకువ వచ్చినప్పుడు అందమైన ప్రార్థన కోసం వెతుక్కోకండి. 'ఆయన్ని ఎందుకు తీసుకెళ్లావు' అని అడిగేయండి. కోపం వస్తే కోపంగానే అడగండి. మళ్లీ సాక్ష్యం చెప్పమంటే, 'నాకు చాలా కష్టంగా ఉంది, నా కోసం ప్రార్థన చేయండి' అంటే చాలు. అది కూడా చెప్పలేననిపిస్తే, మీ పేరు పిలవద్దని పాస్టరమ్మగారితో ముందే చెప్పుకోండి.

నన్నెందుకు ఉంచాడు అని అడిగారు. ఆ జవాబు తనకు తెలుసని ఎవరైనా అంటే నేను నమ్మను. అయితే మన ఇళ్లలో గోడలకు, క్యాలెండర్లకు యిర్మీయా 29వ అధ్యాయం వాగ్దానం ఒకటి కనిపిస్తుంది చూడండి, 'సమాధానకరమైన ఉద్దేశములే' అని. అది బబులోనుకు చెరగా వెళ్లినవాళ్లకు రాసిన ఉత్తరంలోది. ఇంటికి చేరడానికి 70 ఏళ్లు పడుతుందని ఆ ఉత్తరంలోనే ఉంది. మరి అందాకా ఏం చేయాలి? ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటి వాటి ఫలాలు తినండి అన్నాడు దేవుడు. ఈ మాటలు మాత్రం ఎవరూ ఫ్రేము కట్టించుకోరు. ఉద్దేశం అంటే ఏదో పెద్ద పిలుపు రావాలని మనం కాచుకుని కూర్చుంటాం. వాళ్లకు ముందుగా చెప్పింది మాత్రం మొక్కలు నాటుకోమని.

మీ చేతిలో లేసు ఉంది. మీ ప్రాంతానికి ఆ అల్లిక వచ్చిందే 19వ శతాబ్దంలో మిషనరీల చేతుల మీదుగా. అపొస్తలుల కార్యముల్లో దొర్కా అనే ఆవిడ చనిపోతే, విధవరాళ్లు ఏడుస్తూ ఆమె కుట్టిన అంగీలు తెచ్చి పేతురుకు చూపించారు. ఆమె మాట్లాడిన మాట ఒక్కటి కూడా బైబిల్లో లేదు. ఆమె సాక్ష్యమంతా ఆ బట్టలే. దారం ఇచ్చి ముక్కకింత అని కట్టే ఏజెంటు పని ఇప్పుడే వద్దు. మీ వీధిలోనే మీలా ఒంటరిగా మిగిలిన ఆవిడ ఎవరైనా ఉంటారు. మధ్యాహ్నం ఒక అరగంట సూది, దారం పట్టుకుని ఆవిడ అరుగు మీద కూర్చోండి. మాటలు లేకపోయినా పరవాలేదు. మొదటి వారం విసుగ్గానే ఉంటుంది, సంతోషం వచ్చిందా లేదా అని రోజూ చూసుకోవద్దు.

మీ అబ్బాయి ఫోన్ చేసినప్పుడల్లా 'నేను బాగానే ఉన్నాను' అంటున్నారని నా అనుమానం. కువైట్‌లో శుక్రవారం సెలవు, మనకంటే రెండున్నర గంటలు వెనక. ఈ శుక్రవారం ప్రార్థన అయి ఇంటికొచ్చాక మీరే ఫోన్ చేయండి. మొదటిసారిగా నిజం చెప్పండి.