క్యారియర్ గిన్నెలు తిరగెయ్యండి

ప్రశ్న: మాది ఒంగోలు. వయసు 39. జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. పొద్దున ఐదింటికి లేచి టిఫిన్ చేసి, నలుగురికీ క్యారియర్లు సర్ది, 7.20 బస్సు అందుకోవాలి. ఇల్లు చేరేసరికి సాయంత్రం ఆరు. ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు, బరువు 72 కిలోలు. మూడు నెలల్లో తమ్ముడి పెళ్ళి. ఈలోగా పన్నెండు కిలోలు తగ్గాలని జిమ్‌లో డబ్బు కట్టి, పట్టుమని పది రోజులు కూడా వెళ్ళలేకపోయాను. యూట్యూబ్‌లో ఒకరు అన్నం మానేయమంటారు, ఒకరు చిరుధాన్యాలే తినమంటారు, ఇంకొకరు రోజూ పది వేల అడుగులు నడవమంటారు. నా ఒక్కదాని కోసం వేరే వంట చేసుకునే ఓపికా టైమూ లేవు. రెండంతస్తులు ఎక్కితే ఆయాసం. మావారేమో ‘మనసుంటే మార్గముంటుంది’ అంటారు. నాకు మనసు లేదంటారా మేడమ్?

జవాబు: మనసు ఉందమ్మా. లేనిది పొద్దున పూట ఇంకో అరగంట. అది మీవారు ఇప్పించాల్సింది, ఆ సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

ముందు ఆ ఆయాసం. దాన్ని బరువు మీదకు నెట్టేసి ఊరుకోకండి. డాక్టరుకు చూపించుకుని హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్, బీపీ చూడమనండి. ఆడవాళ్ళకు హిమోగ్లోబిన్ 12 కన్నా తక్కువ ఉంటే రక్తహీనత కిందే లెక్క. గుంటూరులో ఆసుపత్రి డైటీషియన్‌గా చేసిన రోజుల్లో, ఇంట్లోవాళ్ళు బద్ధకం అని పేరు పెట్టిన ఆడవాళ్ళ రిపోర్టుల్లో తొమ్మిది, తొమ్మిదిన్నర చాలాసార్లు చూశాను. ఒంట్లో రక్తం లేని మనిషిని జిమ్‌కి పొమ్మనడం అన్యాయం.

ఇక తిండి. మీకు వేరే వంట అక్కర్లేదు. ఇంట్లో వండేదే వండండి, పాళ్ళు మార్చండి. మన ఇళ్ళల్లో క్యారియర్ ఎలా సర్దుతారో మీ ఇంటికి రాకుండానే చెప్పగలను. అడుగున పెద్ద గిన్నెలో అన్నం, గరిటెతో నొక్కి మరీ పెడతాం. దాని మీద పప్పుచారో పులుసో. అన్నిటికన్నా చిన్న గిన్నెలో దొండకాయ వేపుడు, అందులోనే ఓ మూలకు ఆవకాయ బద్ద. స్టాఫ్‌రూమ్‌లో మూత తీశాక కూర నాలుగు ముద్దలకే అయిపోతుంది. మిగిలిన అన్నమంతా పచ్చడితో, పెరుగుతో లాగించాలి. ఈ గిన్నెల్ని తిరగెయ్యండి. పెద్ద గిన్నెలోకి కూర, చిన్న గిన్నెలోకి అన్నం, మధ్యలో గరిటె జారుగా కాకుండా గట్టి పప్పు. పెరుగు వేరే డబ్బాలో. మొదటి వారం ‘ఇంతేనా అన్నం’ అనిపిస్తుంది. కూర నిజంగా గిన్నెడు ఉంటే సాయంత్రం దాకా ఆగుతుంది.

గిన్నెడు కూర అంటే గిన్నెడు వేపుడు కాదు. బీరకాయ, ఆనపకాయ, చిక్కుడు, క్యాబేజీ లాంటివి మూతపెట్టి మగ్గించి, దించే ముందు చిన్న పోపు. పప్పులో తోటకూరో పాలకూరో గోంగూరో ఇప్పుడు వేసేదానికి రెట్టింపు వేస్తే సగం పని అక్కడే అయిపోతుంది.

లెక్కల టీచరు కాబట్టి మీకు ఒక లెక్క ఇస్తాను. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార మార్గదర్శకాలు ఇచ్చింది. రెండు వేల కెలోరీల తిండిలో మనిషికి రోజుకు ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలూ ఆకుకూరలూ కలిపి 400, పళ్ళు 100, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు, పల్లీల్లాంటి గింజలు 35 గ్రాములు, నూనె 27 గ్రాములు. ధాన్యం, పప్పు వండకముందు తూకం. ఆ 250 గ్రాముల ధాన్యంలో ఇడ్లీ రవ్వ, గోధుమపిండి కూడా కలిసే ఉంటాయి.

ఇప్పుడు మీ నెల సరుకుల చీటీ తీయండి. మనిషికి 85 గ్రాముల చొప్పున నలుగురికి నెలకు పది కిలోల పప్పులు కావాలి, అంటే కంది, పెసర, మినప, శనగలు, అలసందలు అన్నీ కలిపి. మీ చీటీలో ఐదు కిలోలు దాటి ఉంటే నాకు ఆశ్చర్యమే. నూనె నలుగురికి మూడున్నర లీటర్లు చాలు. ఐదు లీటర్ల డబ్బా నెలాఖరుకు ముందే ఖాళీ అవుతోందా? మీ కొలతలన్నీ ఆ చీటీలోనే ఉన్నాయి, వంటింట్లో తక్కెడ పెట్టుకోనక్కర్లేదు. కందిపప్పు ధర చూసి భయపడితే శనగలూ అలసందలూ ఉన్నాయి. రాత్రి పడుకోబోయే ముందు గుప్పెడు నానేస్తే పొద్దున పప్పు కుక్కర్లో పైగిన్నెలో పెట్టేయొచ్చు. ఉప్పు, ఉల్లిపాయ, నిమ్మరసం కలిపి డబ్బాలో పోసుకుపోండి. మీ స్టాఫ్‌రూమ్‌లో పదకొండింటికి మిరపకాయ బజ్జీల పొట్లం విప్పుతారే, ఆ టైముకి మీ చేతిలో గుగ్గిళ్ళు ఉండాలి. పక్కవాళ్ళు నవ్వుతారు. రెండో వారంలో వాళ్ళే చెయ్యి చాస్తారు.

చిరుధాన్యాల గొడవ ఒక్క మాటలో తేల్చేస్తాను. జొన్నలకూ బియ్యానికీ కెలోరీల్లో పెద్ద తేడా లేదు. జొన్నల్లో పీచు చాలా ఎక్కువ, రాగుల్లో కాల్షియం ఎక్కువ, అందుకని మంచివే. అన్నం మానేసి నాలుగు జొన్నరొట్టెలు లాగిస్తే బరువు తగ్గదు. ఆదివారం ఓపిక ఉంటే సంగటి చేసుకుని ఇంటిల్లిపాదీ తినండి. మీ ఒక్కరికే వేరే రొట్టె వద్దే వద్దు. అలా మొదలుపెట్టినవాళ్ళు నెల తిరక్కుండానే మానేస్తారు.

టీ గురించి మీరు రాయలేదు. రాయలేదంటే తాగుతున్నారనే అర్థం. రోజుకు నాలుగు కప్పులు, కప్పుకు రెండు చెంచాల పంచదార వేసుకుంటే నలభై గ్రాములు. రోజంతటికీ పాతిక గ్రాములు దాటకూడదంటారు, స్వీట్లతో సహా. రెండు కప్పులు చేయండి, చెంచా చొప్పున. ఇంకో మాట, భోజనానికి గంట ముందూ గంట తర్వాతా టీ వద్దు. తిన్న తోటకూరలోని ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడుతుంది.

పది వేల అడుగుల అంకె డాక్టర్లు తేల్చింది కాదు. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే మీటరు అమ్ముతూ దానికి పెట్టిన పేరులోంచి వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాలు కాస్త ఊపిరి వేగం పెరిగే నడక, దాంతోపాటు వారానికి రెండు రోజులు కండరాలకు పని. ఒకప్పుడు నడిస్తే ఏకబిగిన పది నిమిషాలైనా ఉండాలనేవారు, 2020లో ఆ షరతు కూడా తీసేశారు. కాబట్టి లంచ్ బెల్ తర్వాత గ్రౌండ్ చుట్టూ ఓ పావుగంట, రాత్రి భోజనం అయ్యాక మేడ మీద పది నిమిషాలు. కండరాలకు జిమ్ ఎందుకు? కుక్కర్ మూడు విజిల్స్ వేసేలోపు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోండి, గోడకు చేతులు పెట్టి ముందుకు వంగి వెనక్కి తొయ్యండి. ఆయాసం సంగతి డాక్టరు తేల్చాకే ఇవన్నీ.

మూడు నెలల్లో పన్నెండు కిలోలు వద్దు. వారానికి అరకిలో లెక్కన పెళ్ళినాటికి ఆరు తగ్గితే అది మీ దగ్గర నిలిచే తగ్గుదల. కాటా కన్నా దర్జీ టేపు నమ్మండి. మన ఆడవాళ్ళకు నడుము 80 సెంటీమీటర్లు దాటకూడదు. ఇప్పుడెంత ఉందో చూసి రాసుకోండి, నెలకోసారి కొలవండి. పెళ్ళి జాకెట్టు మాత్రం ఇప్పుడే బిగుతుగా కుట్టించకండి.

ఇక మీవారు. మీరు అరగంట నడవాలంటే రోజూ ఆ అరగంట పని ఇంకొకరు అందుకోవాలి. రాత్రి టీవీ ముందు కూర్చుని మర్నాటి కూరగాయలు తరిగి డబ్బాలో పెట్టడం ఆయన వంతు. ఆకుకూర వలవడం పిల్లల వంతు. ‘మేడమ్ గారు పత్రికలో రాశారు’ అని ఈ పేజీ చించి ఫ్రిజ్ మీద అంటించండి. మార్గం చూపించమన్నది ఆయనే కదా.

ప్రశ్న: హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వయసు 27, బరువు 64 కిలోలు. సాయంత్రం ఆరున్నర నుంచి తెల్లవారుజామున మూడున్నర దాకా షిఫ్ట్. పీజీ హాస్టల్లో ఉంటాను. షిఫ్ట్ అయ్యాక ఆరింటికి జిమ్‌కి వెళ్ళి వచ్చి పడుకుంటాను. రోజుకు రెండు స్కూప్‌ల ప్రోటీన్ పౌడర్ తాగుతున్నాను. అయినా కండ రావడం లేదు, పొట్ట మాత్రం వచ్చింది. రాత్రి ఒంటిగంటకు టీమ్ అంతా బిర్యానీ తెప్పించుకుంటాం. మూడో స్కూప్ వేసుకోవాలా?

జవాబు: నాయనా, వద్దు. నీకు కావలసింది మూడో స్కూప్ కాదు, నిద్ర. మూడున్నరకు పని ముగించి ఆరింటిదాకా మేలుకుని బరువులెత్తితే ఇక పడుకునేది ఎప్పుడు? ఎనిమిదికి పీజీలో బకెట్ల చప్పుడు మొదలవుతుంది. కండ పెరిగేది జిమ్‌లో కాదు, పడుకున్నప్పుడు. ఇంటికి రాగానే గది చీకటి చేసుకుని పడుకో. జిమ్ మధ్యాహ్నం మూడింటికి పెట్టుకో, అప్పుడు జనమూ ఉండరు.

మామూలు మనిషికి కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్ చాలని మన దేశపు లెక్క. నీకు 53 గ్రాములు. బరువులెత్తేవాళ్ళకు కిలోకు 1.2 నుంచి 1.6 దాకా వెళ్ళొచ్చు, అంటే 77 నుంచి 102. మూడు గుడ్లలో పద్దెనిమిది, ముప్ఫై గ్రాముల ఎండు మీల్‌మేకర్‌లో పదిహేను, పావుకిలో పెరుగులో ఏడెనిమిది, గుప్పెడు పల్లీల్లో ఏడు. పీజీ పప్పూ అన్నంలో వచ్చేది కలిపితే కింది అంకె దాదాపు వచ్చేసినట్టే. చికెన్ ఉన్న రోజు ఇంకా ఎక్కువే. జాతీయ పోషకాహార సంస్థ కండ కోసం ప్రోటీన్ పౌడర్లు వద్దనే చెప్పింది. నేను అంత పట్టుపట్టను, వండుకునే వీల్లేని రోజు ఒక స్కూప్ తాగితే తాగు. డబ్బు మిగుల్చుకుని ఎగ్ బాయిలర్ ఒకటి కొనుక్కుంటే ఇంకా సంతోషం.

పొట్ట సంగతి ఒంటిగంట బిర్యానీని అడుగు. షిఫ్ట్‌కి బయలుదేరే ముందు ఐదున్నరకు కడుపు నిండా భోజనం చెయ్యి. రాత్రి పదకొండుకు గుడ్లూ పండూ, రెండింటికి మజ్జిగ. టీమ్‌తో బిర్యానీ శుక్రవారానికి పెట్టుకో. ఆ ఒక్క రోజూ నేనేమీ అనను.

ప్రశ్న: మాది కరీంనగర్ దగ్గర పల్లె. వయసు 64. షుగర్ గోళీలు వేసుకుంట. కోడలు పొద్దుగాల ఓట్స్ పెడుతున్నది, నాకు సయిస్తలేదు. చిన్నప్పటి నుంచి తిన్న జొన్న గటక తినొచ్చా?

జవాబు: తినండి అన్నయ్యగారూ. జొన్న రవ్వతో వండే గటకలోనూ పీచు బాగానే ఉంటుంది, దూరం నుంచి వచ్చిన ఓట్స్‌కి అదేమీ తీసిపోదు. చల్ల పోసుకుని, పక్కన పప్పో ఉడికిన గుడ్డో, పచ్చి ఉల్లిగడ్డ పెట్టుకోండి. గటక ఒక్కటే కుండెడు తినకండి. తిన్న రెండు గంటలకు ఓసారి షుగర్ చూసుకోండి. అంకె ఎక్కువొస్తే గటక తగ్గించి పప్పు పెంచండి, తర్వాతిసారి వెళ్ళినప్పుడు డాక్టరుకూ ఆ అంకె చెప్పండి. ఎక్కువ రాలేదా, ఆ కాగితం కోడలికి చూపించండి.